పాకం మేస్త్రి చేతులు

ఆ వీధిలో లాలీపాప్ అత్త అంటే తెలియనివాళ్ళు లేరు. అసలు పేరు ఆమెకైనా గుర్తుందో లేదో నాకు అనుమానమే. కూరగాయల బండివాడి దగ్గర్నుంచి కరెంటు మీటరు చూడ్డానికి వచ్చేవాడి దాకా అందరికీ ఆమె అత్తే. ఆమె భర్తను మాత్రం మేస్త్రి అనేవారు. మిఠాయి ఫ్యాక్టరీలో పాకం మేస్త్రిగా జుట్టు నెరిసేదాకా పనిచేసిన మనిషి. ఫ్యాక్టరీ మూతపడింది గానీ ఆ పిలుపు మాత్రం అలాగే ఉండిపోయింది. ఆ మేస్త్రి చేతుల గురించే ఇప్పుడు చెప్పబోయేది. ఆ చేతులు ఎంత గొప్పవో ఊరంతా చాటింది అత్తే. వాటికి ఏమయిందో అందరికంటే ఆలస్యంగా తెలుసుకున్నదీ అత్తే. నవ్వుతూ మొదలుపెడుతున్నాను గానీ చివరిదాకా నవ్వించలేను, ముందే చెప్పేస్తున్నా.

ఇంట్లో ఆ పెద్ద పెద్ద మిఠాయిలు చేయడం మొదలైంది కూతురి పేచీ వల్ల. అప్పటికి అది బడికి వెళ్ళే పిల్ల. నాన్న ఫ్యాక్టరీ నుంచి తెచ్చిన లాలీపాప్ ఇట్టే అయిపోతోందని ఒకరోజు ఇల్లు పీకి పందిరేసింది. ఎంత చప్పరించినా అయిపోనిది కావాలట. మేస్త్రి నవ్వి, డబ్బాలో ఉన్న చక్కెరంతా గిన్నెలో బోర్లించి, పాకం పట్టి, ఎరుపూ తెలుపూ చారలుగా చుట్టలు చుట్టి, అన్నం కంచమంత లాలీపాప్ చేసిచ్చాడు. పుల్లకు బదులు విరిగిన చీపురుకర్ర గుచ్చాడు. మర్నాడు కాఫీలోకి చక్కెర లేదని అత్త పొద్దున్నంతా రుసరుసలాడింది. ఆ పిల్ల మాత్రం దాన్ని భుజాన వేసుకుని వీధంతా ఊరేగింది. తినడం మాట దేవుడెరుగు, దాన్ని ఎటునుంచి నోట్లో పెట్టుకోవాలో కూడా దానికి అంతుపట్టలేదు.

నోట్లో పట్టని మిఠాయి ఎవడు కొంటాడయ్యా అని ఎదురింటి టైలరు ఎగతాళి చేశాడు. కొన్నారు మరి. ఫ్యాక్టరీ పోయాక వాళ్ళకు అదే బతుకుదెరువయింది. బొమ్మల దుకాణాలవాళ్ళు అద్దాల వెనక నిలబెట్టుకోడానికి, పుట్టినరోజులవాళ్ళు ఫోటోలు దిగడానికి, కొత్త కొట్టు తెరిచేవాళ్ళు గుమ్మం ముందు పెట్టుకోడానికి వచ్చేవారు. సైకిల్ చక్రమంత లాలీపాపులు, చేతికర్రంత చారల కడ్డీలు, తలగడంత టాఫీలు. వాటిని కుదురుగా కూర్చుని తిన్నవాడు ఒక్కడూ లేడు. చివరికి ఎవరో ఒకరు సుత్తి తీసుకుని పగలగొడితే పిల్లలు ముక్కలు ఏరుకునేవారు. ఇంత కష్టం సుత్తిదెబ్బ కోసమా అని మేస్త్రి అప్పుడప్పుడు నొచ్చుకునేవాడు. కొట్టేముందు నోరెళ్ళబెట్టి చూస్తారుగా, అది చాలదా అని అత్త సర్దిచెప్పేది.

వంటింట్లో వంట ఒక మూలకు సర్దుకుంది, మిగతాదంతా పాకం రాజ్యం. నడుమ నల్లరాతి బల్ల, దాని కాళ్ళ కింద చీమలు ఎక్కకుండా నీళ్ళు పోసిన పళ్ళేలు, గోడకు బొటనవేలంత లావు ఇనుప కొక్కెం. పాకం ముదిరాక బల్ల మీద పోసి, అంచులు లోపలికి మడుస్తూ, ముద్ద కట్టాక సగాన్ని కొక్కేనికి వేసి లాగేవాడు మేస్త్రి. లాగేకొద్దీ అది తెల్లబడి, పట్టులా మెరిసేది. రెండో సగంలో అత్త ఎర్రరంగు కలిపేది. రెండూ కలిపి తాడులా పేని చుట్ట చుట్టాలి. చిన్న మిఠాయి చేతిలోనే చల్లబడుతుంది. పెద్దదానితోనే వచ్చింది చిక్కంతా. పైకి చల్లారినట్టు నంగనాచిలా పడుంటుంది, లోపల నిప్పుకణికలా ఉంటుంది. ఏమరిస్తే ఒకవైపుకు జారిపోతుంది, తొందరపడితే అతుకు పట్టక పగులుతుంది. అతుకు పడిందో లేదో గ్లౌజు చెప్పదు. అరచెయ్యే చెప్పాలి. అందుకని మేస్త్రి ఆఖరు చుట్టల దగ్గర గ్లౌజులు తీసేసేవాడు. తీసి, తాకి, ‘అబ్బా’ అని చెయ్యి గాల్లో విదిలించేవాడు. కొత్తలో ఆయన వేళ్ళకు బొబ్బ లేని వారం ఉండేది కాదు.

ఆ పనివాళ్ళకు ఒక లెక్క ఉంది. వేడికి చెయ్యి వెనక్కి తీసేవాడివి పచ్చి చేతులు. పాకం ముద్దను ఉలుకూ పలుకూ లేకుండా ఎత్తగలవాడివి పండిన చేతులు. ఫ్యాక్టరీలో కొత్తవాళ్ళను పచ్చిచేతులోడా అనే పిలిచేవారు, బొబ్బలు చూపించి మరీ ఏడిపించేవారు. చెయ్యి పండటమంటే పనిలో ఎవరెస్టెక్కినట్టే. ఫ్యాక్టరీలో ఉన్నంతకాలం మేస్త్రికి ఆ భాగ్యం పట్టలేదు. అంత అనుభవమున్నా ఆయన చేతికి వేడి తెలుస్తూనే ఉండేది. ఆ వెలితి ఆయనకంటే అత్తకు ఎక్కువ.

కాబట్టి ఒక రోజు మేస్త్రి ఏదో పరధ్యానంలో గ్లౌజులు మరిచిపోయి, కాలే పాకం ముద్దను వట్టి చేతుల్తో ఎత్తి కొక్కేనికి వేసి, ముఖంలో ఒక్క గీతైనా కదలకుండా లాగుతుంటే అత్త ఏమనుకుంటుంది, మీరే చెప్పండి. చేతిలో గరిటె అలాగే పట్టుకుని నిలబడిపోయింది. కాలడం లేదా అంటే, ఏమో, గోరువెచ్చగా ఉందన్నాడు ఆయన. ఆయనకూ ఆశ్చర్యంగానే ఉంది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని చిన్నపిల్లల్లా నవ్వుకున్నారు. ఇన్నేళ్ళకు మా ఆయన చేతులు పండాయి అని అత్త ఆ సాయంత్రమే టైలరుకు చెప్పింది, పాలవాడికి చెప్పింది, ఫోనులో కూతురికి చెప్పింది. ఆ కూతురు అప్పటికి పెళ్ళయి, నాలుగు వీధుల అవతల మందుల దుకాణంలో పనిచేస్తోంది. గ్లౌజులు వేసుకోమనమ్మా అని అది అంటే, నీకేం తెలుసే పనివాళ్ళ సంగతి అని దాని నోరు మూయించింది.

ఆ రబ్బరు గ్లౌజుల్ని ఏం చేసిందో కూడా చెప్పాలి. ఊరికే పడి ఉన్నాయి కదా అని కత్తెరతో అడ్డంగా కోసి రబ్బరు బ్యాండ్లు చేసింది. మిఠాయికి చుట్టిన పలచటి కాగితం మూతి బిగించడానికి అవి భలే పనికొచ్చాయి. చాలా పొదుపరిని అని తనను తనే మెచ్చుకుంది పాపం.

ఇక చూడండి ఆమె హడావిడి. బొమ్మల దుకాణం యజమాని సెలవురోజుల్లో కొట్టు ముందే బల్ల వేసి చేయమన్నాడు. మేస్త్రి పొగలు కక్కే ముద్దను వట్టి చేతుల్తో లాగుతుంటే పిల్లలు, వాళ్ళ తల్లిదండ్రులు గుంపులు కట్టి చూసేవారు. పక్కన అత్త నడుముకు కొంగు దోపుకుని, మీరెవరూ చెయ్యి పెట్టకండర్రా, ఇవి అలాంటిలాంటి చేతులు కావు అని చెప్తూ ఉండేది. జనం చప్పట్లు కొట్టేవారు. మేస్త్రి సిగ్గుపడి తల వంచుకునేవాడు. కానీ లోలోపల ఆయనకూ అది బాగానే ఉండేదని నా అనుమానం. జీవితమంతా ఫ్యాక్టరీ గోడల వెనక చెమటలు కక్కిన మనిషికి చప్పట్లంటే చేదా?

ఆ రోజుల్లోనే ఇంట్లో కొన్ని చిత్రాలు జరిగాయి. మేస్త్రికి చొక్కా గుండీలు పెట్టుకోవడం కష్టమయింది. వేళ్ళు మొద్దుబారాయి, ముసలాణ్ణవుతున్నాను అనేవాడు. అత్త గుండీలు పెడుతూ, కొత్త పెళ్ళికొడుకులా ఈ గారాలేమిటని వేళాకోళం చేసేది. ఒకసారి బజారుకెళ్ళి ఒంటి చెప్పుతో తిరిగొచ్చాడు. రెండో చెప్పు దారిలో ఎక్కడో జారిపోయింది, ఆ సంగతి ఆయనకు ఇంటికొచ్చేదాకా తెలియనే లేదు. అత్త కడుపు పట్టుకుని నవ్వింది. టైలరు చెప్పును వెతికి తెచ్చి, మేస్త్రీ, నీ కాళ్ళు కూడా పండాయా అన్నాడు. వీధి వీధంతా నవ్వుకుంది. ఎవరి మనసులోనూ కీడు లేదు. ఎవరి బుర్రకూ ఏమీ తట్టనూ లేదు.

ఆ తర్వాత వచ్చాడు పళ్ళ డాక్టరు. కుర్రవాడే, కొత్తగా ఆసుపత్రి తెరుస్తున్నాడు. గుమ్మం ముందు నిలబెట్టడానికి మనిషంత లాలీపాప్ కావాలన్నాడు. పళ్ళ డాక్టరుకు మిఠాయేమిటి బాబూ అని అత్త విస్తుపోతే, నా దగ్గరికి జనాన్ని పంపించేది ఇదేగా, గౌరవించుకోవద్దూ అన్నాడు. ఆ మాట అత్తకు తెగ నచ్చేసింది. అంత పెద్దది వాళ్ళు అంతకుముందెన్నడూ చేయలేదు. ఒక్కసారిగా కుదరదు, ముక్కలుగా చేసి అతకాలి. అంచులు కరిగేదాకా సెగ చూపించి, రెండు అరచేతులతో అదిమి పట్టుకుని, గట్టిపడేదాకా కదలకుండా ఉండాలి. మేస్త్రి చేశాడు. సెగలో అలాగే చేతులు పెట్టి, ఎంతసేపో.

అతుకులన్నీ అయ్యే రోజున డాక్టరు చూడ్డానికి వచ్చాడు. అత్త మామూలుగానే మొదలుపెట్టింది, వట్టి చేతుల్తోనండీ, చూడండి, ఎంత వేడిలోనైనా సరే అంటూ. డాక్టరు లాలీపాప్‌ను చూడలేదు. చేతుల్ని చూస్తున్నాడు.

“మేస్త్రిగారూ, ఆ చిటికెనవేలి పక్కన అదేమిటి?”

రంగు అంది అత్త. ఎర్రరంగు ఆ ఇంట్లో ఎక్కడ అంటలేదు గనక? ఆయన గోళ్ళకూ, ఆమె కొంగుకూ, తలుపు గడియకూ ఎరుపే. ఆ పూట కూడా అదే అనుకుంది. డాక్టరు గుడ్డ తడిపి తుడిచాడు. పైనున్న చక్కెర పెచ్చుగా ఊడివచ్చింది. ఎరుపు పోలేదు. దాని కింద లోతుగా, చీము పట్టి, పుండుంది.

ఎప్పటిదని అడిగాడు. మేస్త్రి తన చేతిని తనే తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు. డాక్టరు ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, కళ్ళు మూసుకోమని, బల్ల మీదున్న సన్నటి పుల్ల ఒకటి తీసుకున్నాడు. నేను గుచ్చినప్పుడల్లా చెప్పండి అన్నాడు. అత్త గోడకు ఆనుకుని చూస్తోంది. పుల్ల చూపుడువేలి కొసన దిగింది. మధ్యవేలికి దిగింది. అరచేతిలో సొట్ట పడేలా నొక్కాడు. మేస్త్రి బుద్ధిగా కళ్ళు మూసుకుని ఎదురుచూస్తున్నాడు.

“కానివ్వండి డాక్టరుగారూ,” అన్నాడు కాసేపటికి. “నేను సిద్ధంగానే ఉన్నా.”

అత్త ఉన్నచోటనే కూలబడింది. పండిన చేతులని ఊరంతా చెప్పుకున్నవి చచ్చిపోయిన చేతులని ఆమెకు ఆ క్షణాన తెలిసింది.

పెద్దాసుపత్రిలో చెప్పింది ఇంతే. ఒంట్లో షుగరు ఏళ్ళ తరబడి పెరిగి పెరిగి నరాల్ని తినేసింది. ముందే వచ్చి ఉంటే ఆపగలిగేవాళ్ళం అన్నారు. పుండు ఎముక దాకా దిగింది. కుడిచేతి రెండు వేళ్ళు తీసేయక తప్పలేదు. మిఠాయి మేస్త్రికి షుగరట అని వీధిలో కొందరు నవ్వారు. నవ్వేవాళ్ళ నోళ్ళకు తాళాలేసేదెవరు? ఆ మనిషి కాఫీ కూడా చప్పగా తాగేవాడని వాళ్ళకేం తెలుసు. మిగిలింది ఎడమచెయ్యి. దానికీ స్పర్శ పోయింది గానీ, జాగ్రత్తగా చూసుకుంటే కొంత రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు పెద్దడాక్టరు. ఇంకొక్క గాయమైతే మాత్రం ఆ చేతికీ ఇదే గతి అని అత్తకు విడిగా మరీ మరీ చెప్పాడు. మేస్త్రి ‘రావచ్చు’ అన్న మాటను పట్టుకున్నాడు. అత్త ‘ఇంకొక్క గాయం’ అన్న మాటను పట్టుకుంది. అక్కణ్ణుంచి ఆ ఇంట్లో ఇద్దరికీ ఆ ఎడమచెయ్యే లోకమయింది.

ఇంటికొచ్చాక ఒక మధ్యాహ్నం ఆయనకు అన్నం కలిపి పెడుతూ అత్త ఇక ఆపుకోలేకపోయింది.

“నేనే చేశానండీ ఇదంతా. గ్లౌజులు కోసి పారేశాను. నలుగుర్లో నిలబెట్టి ఆడించాను. ఒక్కసారి తిట్టండి నన్ను.”

“నా చెయ్యి నాకే తెలియలేదు,” అన్నాడాయన. “నీకెలా తెలుస్తుందే?”

తిట్టినా బాగుండేది. ఆ మాట విన్నాక ఆమెకు ఏడవడానికి కూడా మొహం చెల్లలేదు.

మిఠాయిల పని మానేయమని కూతురు నెత్తీనోరూ కొట్టుకుంది. మానేస్తే ఆయన ఏమైపోతాడోనని అత్త భయం. వంటింటి గుమ్మం అవతల కుర్చీ వేసి, గడప దాటి లోపలికి అడుగుపెట్టొద్దని ఒట్టు వేయించుకుంది. తను మందపాటి కొత్త గ్లౌజులు తొడుక్కుని పాకం ముందు నిలబడింది. ఆయన అక్కణ్ణుంచే, ఇప్పుడు మడత పెట్టు, ఇప్పుడు లాగు, జారుతోంది తిప్పు అని చెప్పేవాడు. ఆమె చేసిన లాలీపాపులు ఒకవైపు వాలిపోయేవి. బొమ్మల దుకాణం యజమాని మంచివాడు కాబట్టి వాటిని గోడకు ఆనించి నిలబెట్టుకునేవాడు. మా ఆవిడను మించినవాళ్ళు లేరు, మిఠాయికి కూడా మెడనొప్పి తెప్పించింది అని మేస్త్రి నవ్వించాలని చూసేవాడు. ఆమె నవ్వేది. ఆయన కోసం నవ్వేది.

ఆయన మాత్రం ఊరుకోలేదు. రోజూ ఎడమచేతిని పరీక్ష పెట్టుకునేవాడు. కిటికీ ఊచను పట్టుకుని చూసేవాడు, దువ్వెన పళ్ళను అరచేతిలో అదిమి చూసేవాడు, తడిగుడ్డను వేళ్ళకు చుట్టుకుని కూర్చునేవాడు. ఇవాళ కాస్త తెలిసిందే అని సాయంత్రం ఆశగా చెప్పేవాడు. అవునా, మంచిదే కదండీ అనేది అత్త. ఒకసారి ఆయన అలా చెబుతున్నప్పుడు ఆ చేతి మీద దోమ వాలి, కడుపునిండా తాగి, ఎగిరిపోవడం ఆమె చూసింది. 

ఆ రోజు చేతికర్రంత చారల కడ్డీలు అడిగారెవరో. పాకం దించి బల్ల మీద పోసి, ముద్ద చేసి, పైన గుడ్డ కప్పింది అత్త. అంతలో పార్శిళ్ళవాడు గేటు దగ్గర కేకేశాడు. నిన్నటి డబ్బా పట్టుకుని వెళ్ళింది. జాగ్రత్తగా పెట్టు బాబూ, పగిలితే మళ్ళీ చేయలేను అని వాడికి చెప్పడం, వాడు బండి మీద దాన్ని అటూ ఇటూ సర్దడం, తాడు చాలక ఆమె లోపలికి రాబోతే వాడే ఇంకో తాడు తీయడం. అంతే ఆలస్యమయింది. ఎక్కువేం కాదు.

తిరిగొచ్చేసరికి కుర్చీ ఖాళీగా ఉంది.

మేస్త్రి బల్ల దగ్గర నిలబడి ఉన్నాడు. గుడ్డ పక్కకు తీసి ఉంది. ఎడమ అరచేతిని పాకం ముద్ద మీద ఆనించి, కళ్ళు మూసుకుని, పక్కగదిలోంచి ఎవరో పిలిచినట్టు ఆలకిస్తున్నాడు. అత్త పరుగున వెళ్ళి చెయ్యి పట్టుకుంది.

“ఉండవే,” అన్నాడు మెల్లగా, కళ్ళు తెరవకుండానే. “కాస్త తెలుస్తున్నట్టుంది.”

ఆమె లాగింది. చెయ్యితో పాటు పాకం కూడా తీగలు తీగలుగా సాగి వచ్చింది. ఆయన్ని కుళాయి దగ్గరికి ఈడ్చుకెళ్ళి, నీళ్ళు వదిలి, ఆ చేతిని ధార కింద పెట్టింది. పాకం గట్టిపడుతోంది. దాని అంచున చర్మం తెల్లగా పైకి లేస్తోంది. దాన్ని తీయాలో వద్దో ఆమెకు తెలియలేదు.  అన్నాళ్ళూ బిగపట్టుకున్నదంతా, వీధిలోకి వినపడేటట్టుగా ఏడ్చింది.

మేస్త్రి ఆమె ముఖంలోకి చూసి కంగారుపడ్డాడు. రెండు వేళ్ళు లేని కుడిచేత్తో ఆమె భుజం నిమిరాడు.

“ఎందుకే అంత ఏడుపు? నాకేం నొప్పి లేదుగా.”

ఓదార్చాలనే అన్నాడు. ఆ మాటకు ఆమె ఇంకా వెక్కివెక్కి ఏడ్చేసరికి ఏం చేయాలో తోచక, ధార కింద ఉన్న తన చేతివైపు చూశాడు.

“నీళ్ళు చల్లగా ఉన్నాయా?” అని అడిగాడు.

“ఉన్నాయండీ,” అంది అత్త. “చల్లగానే ఉన్నాయి.”